ఏకాకిలో కాకి లేదు

పదకొండు దాటింది, నిద్ర రావడం లేదు. చిన్నదాని తెలుగు నోట్సులో సాయంత్రం చూసిన ఒక్క ముక్క బుర్రలో తిరుగుతూనే ఉంది: ‘ఏకాకి అంటే ఒంటరి కాకి.’ పక్కన ఎర్ర సిరాతో టిక్కు.

అందులో కాకి లేదు. సంస్కృతంలో ‘ఏక’ మీద ‘ఆకినిచ్’ ప్రత్యయం (అందులో నిలిచేది ‘ఆకిన్’) చేరితే ‘ఏకాకిన్’ అవుతుంది, తోడు లేనివాడని అర్థం. పాణిని తన వ్యాకరణం అష్టాధ్యాయిలో ఇందుకోసం ఒక సూత్రమే చెప్పాడు: ఐదో అధ్యాయం, మూడో పాదం, 52. యోగిన్ మనకి యోగి అయినట్టే ఏకాకిన్ ఏకాకి అయింది. అయినా కాకి ఒంటరిగా ఎక్కడుంటుంది? ఒకటి చస్తే చుట్టుపక్కలవన్నీ చేరి గోల పెడతాయి. పొద్దు వాలితే గుంపంతా ఒకే చెట్టు మీదకి చేరుతుంది.

‘కాకలు తీరిన యోధుడు’లోనూ కాకులు లేవు. కాక అంటే వేడి. కాగడం, కాచడం, కాక, అన్నీ ఒక్క ఇంటి మాటలు. పోలీసుల ఖాకీ సంగతి వేరు. పారసీలో ఖాక్ అంటే దుమ్ము, ఖాకీ అంటే దుమ్ము రంగు. 1846లో బ్రిటిషువాళ్ళు పెషావరులో పెట్టిన గైడ్స్ అనే సైనిక దళం ఆ రంగు బట్టలు కట్టింది. మన నోట్లో ఒత్తు పోయి ‘కాకి నిక్కరు’ అయి కూర్చుంది.

నిజంగా కాకి ఉన్న మాటలు వేరే ఉన్నాయి. కాకిలెక్క, కాకిగోల, కాకిస్నానం. అభ్రకం పొరని గోటితో లేపితే ఉల్లిపొరకన్నా పలచగా, తళుక్కున వస్తుందే, అది కాకిబంగారం. గూడూరు వైపు గనుల్లోది. కాకతాళీయం కూడా వీటిలోదే. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒక్కసారే జరగడం.

అన్నిటికన్నా కాకెంగిలి, అంటే ఎంగిలి అంటకుండా గుడ్డ అడ్డుపెట్టి కొరికి పంచుకోవడం. జామకాయైతే చొక్కా అంచు ఒక్క మడతే కప్పాలి. రెండు మడతలైతే పన్ను దిగదు, కాయ జారుతుంది. ముందుపళ్ళతో కాదు, పక్కపళ్ళ మధ్య పెట్టి ఒక్క నొక్కు నొక్కి, మణికట్టు తిప్పాలి. అప్పుడు పటుక్కున రెండవుతుంది. మెల్లగా కొరికితే గుడ్డ తడుస్తుంది, తడిస్తే అవతలివాడు ‘ఎంగిలే’ అని పేచీ పెడతాడు. పచ్చిమామిడి ముక్కైతే సొన మరక పోదు, ఇంట్లో దెబ్బలు. బెల్లం జీడికి ఈ పద్ధతి అసలు పనికిరాదు, నూలుపోగులతో సహా అంటుకుంటుంది. దాన్ని కాగితంతోనే కొరకాలి. పప్పుండకి మాత్రం ఇంతకు మించిన ఉపాయం లేదు. పెద్ద ముక్క ఎవరికన్నది వేరే తగువు.

ఇక కాకి అన్న మాట ఎక్కడిది? సంస్కృత ‘కాక’ నుంచే అని రాసేయబోయి ఆగాను. తమిళంలో కాక్కై, మలయాళంలో కాక్క, కన్నడంలో కాగె. ఇన్ని దక్షిణాది భాషల్లో ఉన్నదాన్ని అప్పు తెచ్చుకున్నామని ఎలా అనేస్తాం? సంస్కృతంలో ‘కాకీ’ అంటే ఆడకాకి మాత్రమే. మనకి ఆడదైనా మగదైనా కాకే. రెండు వైపులా ‘కా’ అన్న అరుపు విని పెట్టిన పేరే. ఆ పిట్ట తన పేరు తనే చెప్పుకుంది, ఎవరికి ముందు చెప్పిందో తేల్చడం నావల్ల కాదు.

ఇంత రాశాక ఆ నోట్సు మీద కోపం సగం తగ్గింది. ‘లోకులు పలుగాకులు’ అంటాం కదా. పలు కాకులే పలుగాకులు, ‘కా’ కాస్తా ‘గా’ అయింది. అక్కడ కాకి విన్న చెవికి ఏకాకిలోనూ కాకే వినబడుతుంది. పిల్లది తప్పుగా వినలేదు. ఆ టిక్కు మాత్రం తప్పే. రేపు బడికి వెళ్ళేలోపు పక్కన పెన్సిల్‌తో ‘ఏక + ఆకిన్’ అని రాసిపెట్టాలి.