తాబేలు పురుగు బంగారు పెంకు: మచ్చ ఇంకా పోలేదు

చిలగడదుంప తీగ మీది బంగారు తాబేలు పురుగు ఈసారి కూడా నా కెమెరాకు లొంగలేదు. తన మలాన్నీ విడిచిన చర్మాలనూ తోక మీద మోసుకుంటూ తిరిగే దాని లార్వా మాత్రం చక్కగా వచ్చింది. కరివేపాకు మొక్క మీది గొంగళి పురుగు కూడా అంతే. చిక్కంతా పెద్ద పురుగు పెంకుతోనే.

ఆస్పిడిమార్ఫా ప్రజాతికి చెందిన ఈ పురుగు సుమారు ఒక సెంటీమీటరు పొడవుంటుంది, పెంకు ఎత్తు మూడున్నర మిల్లీమీటర్లు. 90 మి.మీ. మాక్రో లెన్సుకు ముందు రేనాక్స్ డీసీఆర్-250 అనే అదనపు లెన్సు తగిలించి, సెన్సార్ మీద అసలుకు ఒకటిన్నర రెట్ల పరిమాణంలో, లెన్సు రంధ్రాన్ని ఎఫ్/11కి కుదించి తీస్తే స్పష్టత అర మిల్లీమీటరు లోతుకు మించదు. అయినా ఫోకస్ స్టాకింగ్ (ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన చిత్రాలను ఒకటిగా కలపడం) పెద్ద కష్టం కాలేదు, ఎందుకంటే అలికిడి కాగానే ఈ పురుగు మీసాలను పెంకు కిందికి లాక్కొని ఆకుకు కరుచుకొని ఉండిపోతుంది. (ధర తక్కువే అయినా రేనాక్స్‌ను మించిన అదనపు లెన్సు నాకు కనిపించలేదు. కేనన్ ఎంపీ-ఈ 65 గొప్పదే, కానీ ఒక రెట్టుకన్నా తక్కువ పరిమాణంలో పనిచేయని లెన్సును తోటలో మోయడం నా వల్ల కాదు.)

ఫ్లాష్ వెలుగును పరచడానికి మొదట 15 × 10 సెం.మీ. ట్రేసింగ్ కాగితాన్ని పురుగుకు 8 సెం.మీ. పైన అడ్డంగా పెట్టాను. పెంకు మీద ఒక తెల్లని దీర్ఘచతురస్రం, దాని కింద నల్లని పట్టీ వచ్చాయి. కాగితపు మధ్యభాగం అంచులకన్నా రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) ఎక్కువ వెలిగింది, 3 సెం.మీ. ఎడంతో రెండో పొర వేశాక ఆ తేడా చాలావరకు తగ్గింది, కానీ నల్లని పట్టీ అలాగే ఉండిపోయింది.

తరువాత మెరుపును అణచడానికి ఫ్లాష్‌కు పోలరైజింగ్ ఫిల్ము (ఒకే దిశలో కంపించే వెలుగును మాత్రమే పోనిచ్చేది), లెన్సుకు పోలరైజర్ పెట్టి, రెండింటినీ ఒకదానికొకటి లంబంగా తిప్పి చూశాను. దాదాపు మూడు స్టాపుల వెలుగు పోయింది, ఆకు మీది మెరుపు పూర్తిగా పోయింది, దానితోపాటు బంగారమూ పోయి పాలిపోయిన గోధుమ రంగు పెంకు మిగిలింది. ఆ బంగారం వర్ణద్రవ్యం కాదు. పెంకులోని పలుచని తడి పొరల నుంచి తిరిగివచ్చే వెలుగు. అందుకే చచ్చి ఎండిన పురుగులో ఆ రంగు ఉండదు. కదలకుండా ఉండేందుకు పురుగులను ఫ్రిజ్‌లో పెట్టి తీసే పద్ధతి నాకు మొదటి నుంచీ నచ్చదు, ఈ పురుగు విషయంలో దానికి అర్థం కూడా లేదు.

కనుక మెరుపును తీసేయడం కాదు, పెంకుకు కనిపించే దిక్కులన్నింటినీ సమానంగా వెలిగించడమే మార్గమని తేలింది. స్టీలు చెంబును ఫోటో తీసేవారికి ఎదురయ్యే చిక్కే ఇది. పెంకు ఎంత కోణంలో వాలి ఉంటే దానికి రెట్టింపు కోణంలోని వస్తువు అక్కడ ప్రతిబింబిస్తుంది. 45 డిగ్రీలు వాలిన చోట సరిగ్గా పక్క నుంచి వచ్చే వెలుగు కావాలి. అందుకని తెల్లని ఐస్‌క్రీం డబ్బాను కోసి పురుగు చుట్టూ గుమ్మటంలా అమర్చాను. పట్టీ పోయింది. అంచులలో ఆకు ప్రతిబింబం వల్ల కొద్దిగా పచ్చదనం ఉంది, దానిని ఉండనిస్తాను. తోటలోని పురుగు తోటను చూపించడంలో తప్పులేదు.

ఇప్పుడు మిగిలింది నట్టనడుమ 1.2 మి.మీ. నల్లని చుక్క. అది లెన్సు ముఖమే అని నా అనుమానం. 11 సెం.మీ. దూరంలో ఉన్న 5 సెం.మీ. వెడల్పు లెన్సు, సుమారు 5.3 మి.మీ. వక్రతా వ్యాసార్థం గల పెంకు మీద ఎంత మేర కనిపించాలో లెక్కిస్తే దాదాపు అంతే వచ్చింది. పురుగును ఎటు తిప్పినా చుక్క వెంట వస్తుంది, ఎందుకంటే గుండ్రని పెంకులో ఏదో ఒక భాగం ఎప్పుడూ లెన్సుకు ఎదురుగానే ఉంటుంది. స్టాకింగ్ సాఫ్ట్‌వేర్‌ను అనుమానించి జెరీన్‌లో రెండు పద్ధతులలోనూ కలిపి చూశాను, తేడా లేదు.

చుక్కను చెరపలేకపోయినా చిన్నది చేయవచ్చు. 2.5 సెం.మీ. రంధ్రం ఉన్న తెల్లని అట్టను లెన్సు ముందు అంటిస్తే అది 0.6 మి.మీ.కి దిగాలి, చిత్రం మూలలు చీకటి పడతాయేమో గళ్ల కాగితం మీద ముందుగా చూసుకోవాలి. 180 మి.మీ. మాక్రో లెన్సు సెకండ్ హ్యాండ్‌లో దొరికితే దూరం దాదాపు రెట్టింపై మరింత మేలు జరుగుతుంది, కానీ ఆ ధరకు ముందు అట్ట ముక్కనే నమ్ముకుంటాను. ఈలోగా ప్రతిసారీ పురుగును ఇబ్బంది పెట్టకుండా, మెకానిక్ దుకాణంలో అడిగి 10 మి.మీ. బేరింగు గుండు తెచ్చి, గుమ్మటాన్నీ అట్టనూ దాని మీదే సరిచేసుకుంటాను.