మా అయ్యగారు నన్ను ఎరగనన్నారు: యెరూషలేము యాత్రలో నా అనుభవం

యెరూషలేము వెళ్లి వచ్చాను. కాళ్ల వాపు ఇంకా తగ్గలేదు. ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పమంటున్నారు. అక్కడ చెప్పలేని ముక్క ఇక్కడ రాస్తున్నాను.

పాస్‌పోర్టు, వీసా పెద్ద కష్టం కాలేదు. మన ఆంధ్రాలో ఈ యాత్రకు ప్రభుత్వ సాయం ఉంది కదా అని కొందరు అడిగారు. ఒకప్పుడు దాన్ని ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు 60 వేలు, పైవాళ్లకు 30 వేలు చేశారు. నేను ఆ కాగితాల వెంట తిరగలేదు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులోంచి తీసి కట్టేశాను. ముందు జోర్డాన్ దేశంలోని అమ్మాన్‌లో దిగాం. మోషే వాగ్దాన దేశాన్ని చూసిన నెబో కొండ ఎక్కాం. మంచు పట్టి అవతల ఏమీ కనబడలేదు. మోషేకి చూసే భాగ్యమైనా దక్కింది, మనకు అదీ లేదని నవ్వుకున్నాం.

మర్నాడు ఇశ్రాయేలు సరిహద్దు దగ్గర ఆ నవ్వు పోయింది.

పాస్‌పోర్టులో నా పేరు ఏడుకొండలు. నాకు ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే మా నాన్న తిరుపతికి మొక్కుకున్నాడు. నేను బడికి వెళ్లే వయసులో ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నాం. అప్పటి నుంచి చర్చిలో యోహానుని, కాగితాల్లో ఏడుకొండల్ని. మా వైపు ఇదేం వింత కాదు. మా సంఘంలో వెంకాయమ్మలు, సుబ్బారావులు వరసకొకరు ఉన్నారు.

ఇశ్రాయేలు వైపు లైన్లో నా వంతు వచ్చింది. కౌంటరులో మా చిన్నమ్మాయి వయసు పిల్ల. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఒకావిడ, "యోహానన్నా, నీ బ్యాగు ఇక్కడే వదిలేశావ్!" అని కేకేసింది. ఆ పిల్ల పాస్‌పోర్టు చూసింది, నన్ను చూసింది. పక్కనున్న కుర్చీ చూపించింది.

నాన్న పేరేంటి, తాత పేరేంటి, బ్యాగు ఎవరు సర్దారు, డబ్బు ఎవరు కట్టారు, రెండు పేర్లెందుకు? నా ఇంగ్లీషు టిక్కెట్టు, చిల్లర, ముందుకు జరగండి దాకానే. చెమటలు పట్టాయి. మా వాళ్లంతా ఒక్కొక్కరే దాటి బస్సు వైపు పోతున్నారు. ఎవరూ వెనక్కి చూడలేదు. చివరికి ఆ పిల్ల, మీ పాస్టరు ఎవరని అడిగింది. హమ్మయ్య అనుకుని అయ్యగారిని చూపించాను.

పిలిపించారు. ఈయన మీకు తెలుసా అని అడిగారు. అయ్యగారు నా వంక చూడలేదు. ఇంగ్లీషులో, "టూర్ మెంబర్. పర్సనల్‌గా తెలియదు" అన్నారు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ వచ్చు.

ప్రతి క్రిస్మస్‌కీ మా ఇంట్లో భోంచేసే మనిషి. వాళ్లబ్బాయి పెళ్లికి బస్సులు మాట్లాడింది నేను. సర్వీసంతా ఏ స్టేజీలో ఎవడు టిక్కెట్టు తీయకుండా దిగిపోతాడో మొహం చూసి చెప్పినవాణ్ణి. ఆయన మొహం చూడగానే తెలిసిపోయింది, దిగిపోతున్నాడని. గబగబా బస్సు ఎక్కేశారు.

మా ఆవిడ మాత్రం కదల్లేదు. "మా ఆయన రాందే నేను రాను" అని తెలుగులోనే చెప్పి నేల మీద చతికిలబడింది. తర్వాత ఏం తోచిందో, ఫోన్ తీసి ఆ పెళ్లి ఫొటోలు వెతికింది. ఒక దాంట్లో అయ్యగారు నా భుజం మీద చెయ్యి వేసి నోట్లో లడ్డూ పెడుతున్నారు. ఫోన్ ఆ పిల్ల ముందు పెట్టి, వేలితో ఫొటోలో అయ్యగారిని చూపించి, తర్వాత బస్సు వైపు చూపించింది. ఆ పిల్ల ఫొటో రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది. పెదవి బిగబట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. ఇంకో ఆఫీసరుకు చూపించింది. కాసేపటికి చిన్న నీలం కాగితం చేతిలో పెట్టింది. పాస్‌పోర్టులో ముద్ర వేయరు, ఆ కాగితమే ఆధారం, పోగొట్టుకోకండి.

ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల దేశం, వాళ్ల భయాలు. ఇటు నలభై మంది ముందు ఆదివారం ప్రేమ గురించి చెప్పి, అటు ఒక్క ప్రశ్నకు జారిపోయేవాళ్లతోనే మన సంఘాలకు తంటా. యెరూషలేములో యేసు సమాధి మందిరం తాళం తరతరాలుగా ముస్లిం కుటుంబం దగ్గర ఉందంటే మా వాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. నాకు ఆశ్చర్యమేం కలగలేదు.

మిగతాదంతా బాగా జరిగింది. బేత్లెహేము గుడి గుమ్మంలో నడుం వంచి దూరాం. గలిలయ పడవలో మన జెండా ఎగరేసి జనగణమన పెట్టారు, ఏడుపొచ్చింది. ఒలీవల కొండ మీద పరలోక ప్రార్థనను రకరకాల భాషల్లో రాసిన పలకల్లో తెలుగూ ఉంది. మృత సముద్రంలో తేలాను, కళ్లు మండాయి.

తర్వాత, కోడి కూసేలోపు శిష్యుడు పేతురు యేసును మూడుసార్లు ఎరగనన్న చోటికి తీసుకెళ్లారు. సీయోను కొండ వాలులో, ప్రధాన యాజకుడు కయప ఇల్లని చెప్పుకునే చోట గుడి కట్టారు. పైన బంగారు రంగు కోడిపుంజు. పక్కన ఆ కాలం నాటి రాతి మెట్లు. అయ్యగారు ఆ మెట్ల దగ్గరే నిలబడి పేతురు బలహీనత మీద వాక్యం చెప్పారు. గొంతు పూడుకుపోయింది, కళ్లు తుడుచుకున్నారు. మా ఆవిడ నా చెయ్యి గిల్లింది. నేను కోడిపుంజును చూస్తూ కూర్చున్నాను. ఆఖర్న, "యోహాను గారు ప్రార్థన చేస్తారు" అన్నారు. వచ్చినవాళ్లందరి పేర్లూ ఎత్తి ప్రార్థించాను, అయ్యగారి పేరు తప్ప. ఆయన ఆమేన్ గట్టిగానే అన్నారు.

వచ్చే ఏడు మళ్లీ టూరు వేస్తారట. ఇంతమందిని పోగేస్తే నాయకుడికి టిక్కెట్టు ఉచితం, అది మామూలే. వెళ్లేవాళ్లు వెళ్లండి, చూడాల్సిన నేల. రెండు పేర్లున్నవాళ్లు మాత్రం సంఘం లెటర్‌హెడ్ మీద రెండూ ఒకరివేనని ఇంగ్లీషులో రాయించి, సంతకం, ముద్ర వేయించుకోండి. కింద ఫోన్ నంబరు సంఘ కార్యదర్శిది పెట్టించండి. పాస్టరు గారిది వద్దు. పెళ్లి ఫొటోలు ఫోన్‌లోంచి తీసేయకండి.