కొత్త పరుపు, ఈఎంఐ బల్ల దగ్గర జరిగిన అవమానం

మొన్న శనివారం మా ఇంటికి కొత్త పరుపు వచ్చింది. పరుపు బాగుంది, మా ఆయన నడుం నొప్పి కూడా కాస్త తగ్గినట్టే ఉందంటున్నారు. కానీ కొనేటప్పుడు ఆ షాపులో ఈఎంఐ పేరుతో మాకు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. పరుపు కొనబోయేవాళ్ళకి పనికొస్తుందని, అన్నీ గుర్తున్నప్పుడే రాస్తున్నాను.

మాది విజయవాడ. పెళ్ళప్పుడు అమ్మవాళ్ళు టేకు మంచం, దూది పరుపు సారెగా పెట్టారు. దూది పరుపుకి నేను వంక పెట్టను, మా ఊరి ఎండలకి దాన్ని మించింది లేదు. కానీ దాన్ని అప్పుడప్పుడూ ఎండలో వేసి దులపాలి, కొన్నేళ్ళకోసారి విప్పించి దూది ఏకించి మళ్ళీ కుట్టించాలి. నాలుగో అంతస్తు నుంచి డాబా మీదకి మోసేదెవరు? దూది ఉండలు కట్టి, మధ్యలో గుంట పడిపోయింది. ఆయన తొంభై కిలోలు, నేను యాభై అయిదు, రాత్రంతా నేను ఆయన వైపే జారిపోతుండేదాన్ని. ఆయనకేమో పొద్దున లేవగానే నడుం పట్టేసేది.

అత్తయ్యగారు నేల మీద చాప వేసుకుని పడుకోమన్నారు. ఆయన కూడా, ఎంత గట్టిగా ఉంటే నడుముకి అంత మంచిదని పట్టుపట్టారు. మన ఇళ్ళలో చాలామంది ఇలాగే అనుకుంటారు. కానీ 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఉంది, స్పెయిన్‌లో దీర్ఘకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మంది మీద చేశారు. బాగా గట్టి పరుపుల మీద పడుకున్నవాళ్ళకంటే మధ్యరకం గట్టిదనం ఉన్నవాటి మీద పడుకున్నవాళ్ళకే నొప్పి ఎక్కువ తగ్గింది. ఇది చూపించాకే ఆయన దిగొచ్చారు.

రకాల సంగతి త్వరగా చెప్పేస్తాను. కొబ్బరి పీచు పరుపు గాలి ఆడుతుంది, గట్టిగా ఉంటుంది, మాకు మరీ గట్టిగా అనిపించింది. మెమరీ ఫోమ్ ఒళ్ళు వేడికి మెత్తబడి శరీరం ఆకారంలో అణుగుతుంది, హాయిగానే ఉంటుంది, కాకపోతే ఆ వేడిని పట్టి ఉంచుతుంది, రోహిణి కార్తెలో కరెంటు పోయిన రాత్రి బెజవాడలో దాని మీద పడుకోవడం నా వల్ల కాదు. ఏ ఫోమ్ కొన్నా డెన్సిటీ ఎంతో అడగండి. ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో ఆ అంకె, 32కి తక్కువైతే నేనైతే కొనను. స్ప్రింగుల్లో రెండు రకాలు. పాత రకంలో స్ప్రింగులన్నీ ఒకదానికొకటి కలిపి ఉంటాయి కాబట్టి పక్కవాళ్ళు కదిలితే పరుపంతా ఊగుతుంది. పాకెట్ స్ప్రింగులో ఒక్కో స్ప్రింగు ఒక్కో గుడ్డ సంచిలో విడిగా ఉంటుంది, ఆయన అటు తిరిగినా నాకు తెలియదు. మొగుడూపెళ్ళాల బరువుల్లో మాలాగా తేడా ఉంటే కళ్ళు మూసుకుని పాకెట్ స్ప్రింగే తీసుకోండి. మేం పైన రబ్బరు పాల లేటెక్స్ పొర ఉన్న ఎనిమిది అంగుళాలది తీసుకున్నాం.

కొలత మంచం లోపలి అంచు నుంచి తీయండి. మాది 75కి 72 అంగుళాలు, తయారుగా దొరికింది. వడ్రంగి వేరే లెక్కలో చేసి ఉంటే ప్రత్యేకంగా చేయించుకోవాలి, అలా చేయించింది నచ్చకపోతే వెనక్కి తీసుకోరు.

షాపులో సేల్స్ అబ్బాయి చేత్తో నొక్కి చూడమన్నాడు. చేత్తో నొక్కితే ఏం తెలుస్తుంది? ఇద్దరూ కలిసి, రాత్రి పడుకునే తీరులోనే, పక్కకి తిరిగి పది నిమిషాలైనా పడుకోవాలి. నలుగురూ చూస్తారని ఆడవాళ్ళు మొహమాటపడతారు. ముప్పై వేలు పెట్టేది మనం, పదేళ్ళు పడుకునేదీ మనమే. ప్లాస్టిక్ కవరు తీయించి మరీ పడుకున్నాం.

అక్కడి వరకూ అంతా బాగానే నడిచింది. రేటు చీటీ మీద 52,000, తగ్గింపు పోగా 31,500 అన్నారు. జూన్‌లో పిల్లల ఫీజులు కట్టాం, చేతిలో ఉన్న చీటీ డబ్బు ముట్టుకోవడం ఎందుకని, తొమ్మిది నెలలు నెలకి 3,500 'నో కాస్ట్ ఈఎంఐ', అంటే వడ్డీ లేని వాయిదాలు అని చెబితే సరేనన్నాం. షాపులోనే ఒక మూల ఫైనాన్స్ కంపెనీ కుర్రాడు బల్ల వేసుకుని కూర్చున్నాడు. మా ఆయన పాన్ కార్డు, ఆధార్, ఓటీపీ అన్నీ తీసుకున్నాడు. నన్ను కూర్చోమని కూడా అనలేదు. ఫోన్‌లో ఏదో నొక్కి, కాసేపాగి, షాపు ఆ చివరున్న మేనేజరుకి వినపడేలా అరిచాడు: "అన్నా, సార్‌ది రిజెక్ట్ అయింది, సిబిల్ స్కోరు తక్కువుంది, పాత బాకీ ఏదో ఎగ్గొట్టినట్టు చూపిస్తోంది."

సిబిల్ అంటే మన అప్పులు, వాయిదాల చరిత్ర రాసిపెట్టి దానికి మార్కులు వేసే సంస్థ. షాపులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. అందులో మా అపార్టుమెంటు మూడో అంతస్తువాళ్ళు కూడా ఉన్నారు. ఇరవై ఏళ్ళుగా ఎవరి దగ్గరా రూపాయి బాకీ ఉంచని మనిషి, కూరగాయలవాడికి చిల్లర లేకపోతే సాయంత్రం వెతుక్కుంటూ వెళ్ళి ఇచ్చొచ్చే మనిషి, తల దించుకుని "పోదాం పద" అన్నారు. అప్పు ఇవ్వను అని చెప్పే హక్కు వాళ్ళకుంది, కాదనను. ఒక మనిషి అప్పుల సంగతి నలుగురి మధ్యలో కేకేసి చెప్పే హక్కు ఎవరిచ్చారు?

అప్పుడు ఆ కుర్రాడు మొదటిసారి నా వైపు చూసి, మా ఆయన్నే అడిగాడు: "మేడమ్ ఏమైనా పని చేస్తారా సార్?" నేను ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచర్ని. నా జీతం మీద మా తమ్ముడి చదువు గట్టెక్కింది, అమ్మ కంటి ఆపరేషన్ అయింది, ఈ ఇంటి లోన్‌లో సగం నడుస్తోంది. ఆ మాట అతనితో అన్నాను కూడా. నా పాన్ నంబరు కొట్టగానే నిమిషంలో అప్రూవ్ అయింది. "కంగ్రాట్స్ సార్" అని చెయ్యి మా ఆయనకే చాపాడు!

సంతకం పెట్టేముందు కాగితం చదువుతానన్నాను. "అందరూ పెట్టేస్తారు మేడమ్" అన్నాడు. చదివితే ప్రాసెసింగ్ ఫీజు 749, ఏదో కార్డు ఫీజు 530, మేం అడగని ఇన్సూరెన్స్ 699. మొత్తం 1,978 రూపాయలు, అయినా పేరు 'నో కాస్ట్'. సున్నా శాతం వడ్డీ పథకాలు కూడదని 2013లోనే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకి చెప్పింది. వడ్డీ లేకుండా ఎవరూ అప్పివ్వరు, ఆ వడ్డీని షాపో తయారీ కంపెనీయో తగ్గింపు రూపంలో భరిస్తుంది, అంతే. క్రెడిట్ కార్డు మీద తీసుకున్నా ఆ వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్‌టీ మన నెత్తినే పడుతుంది.

కాగితం వెనక్కి ఇచ్చేసి నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళాను. "ఈఎంఐ వద్దు, మాకోసం మీరు కట్టబోయే వడ్డీ ధరలో తగ్గించండి, ఇప్పుడే మొత్తం కడతాను" అన్నాను. కుదరదన్నాడు, పైవాళ్ళని అడగాలన్నాడు. వెళ్ళిపోబోతుంటే 1,500 తగ్గించాడు. చీటీ డబ్బులోంచి ముప్పై వేలు యూపీఐలో అక్కడికక్కడే కట్టేశాను. మీరూ ముందు ఈఎంఐ షరతులు అన్నీ చెప్పించుకుని, తర్వాత ఈ మాట అడగండి. జీఎస్‌టీ బిల్లు, వారంటీ కార్డు మీద షాపు ముద్ర తీసుకోండి. మా కార్డులో పరుపు మీద మరక పడితే వారంటీ చెల్లదని రాసి ఉంది, అందుకే నీళ్ళు ఇంకని కవరు కూడా అప్పుడే కొన్నాను.

ఇంటికొచ్చాక ఆయన అన్నం సరిగా తినలేదు. ఆ రాత్రే సిబిల్ రిపోర్టు తీశాం. దేశంలో ఇలాంటి సంస్థలు నాలుగున్నాయి, ఏడాదికోసారి ఒక్కోటీ పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, 2017 నుంచీ ఆ నిబంధన ఉంది. డబ్బు కట్టించుకుని రిపోర్టు తెచ్చిస్తామనే యాప్‌ల జోలికి పోకండి. చూస్తే, ఆయన 2019లో మూసేసిన ఒక క్రెడిట్ కార్డు ఇంకా బతికే ఉంది! మూసేశాక కూడా ఆ బ్యాంకు వార్షిక రుసుము వేసి, దాని మీద లేటు ఫీజులు వేసుకుంటూ పోయింది. బాకీ ఏమీ లేదని అదే బ్యాంకు ఇచ్చిన ఉత్తరం మా ఫైల్లో ఉంది. మా ఆయన కాగితం ముక్క కూడా పారేయరు, దానికి నేను ఎన్నిసార్లు విసుక్కున్నా ఈసారి అదే మమ్మల్ని నిలబెట్టింది. లోన్ తీరినా, కార్డు మూసేసినా ఆ ఉత్తరం తీసుకోకుండా బ్యాంకు గడప దాటకండి.

బ్యాంకు బ్రాంచికి వెళ్తే "అది కార్డుల విభాగం, మాకు సంబంధం లేదు" అన్నారు. కార్డుల విభాగానికి ఫోన్ చేస్తే ఆ కార్డు మీదున్న మొబైల్ నంబరు నుంచే చేయమన్నారు, అది పాత ఉద్యోగంలో ఇచ్చిన నంబరు. చివరికి ఆ ఉత్తరం జత చేసి సిబిల్ వెబ్‌సైటులో అభ్యంతరం పెట్టాం, బ్యాంకుకి ఈమెయిల్‌లో ఫిర్యాదు పంపాం. ముప్పై రోజుల్లో పరిష్కరించకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకీ 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన పెట్టింది, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఇది బ్యాంకులో మీకెవరూ చెప్పరు, ఫిర్యాదులోనే రాయండి.

పాత పరుపుకి ఎక్స్చేంజిలో 500 ఇస్తామన్నారు, ఇవ్వలేదు. ఆ దూది ఏకించి పిల్లలిద్దరికీ చిన్న పరుపులు కుట్టిస్తున్నాను.

మా ఫిర్యాదుకి ముప్పై రోజులు వచ్చే నెల 9కి నిండుతాయి. ఆ లోపు సరిచేయకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి వెళ్తాం. ఆ అర్జీ ఇప్పటికే రాసి పెట్టాను, తేదీ ఒక్కటే వేయాలి.