చిన్న కారు, రెండు రియర్ ఫేసింగ్ సీట్లు: అమర్చుకుంటూ రాసుకున్నవి

మా కారు నాలుగు మీటర్ల పొడుగు కూడా లేని హ్యాచ్‌బ్యాక్. దాని వెనకసీట్లో రెండు రియర్ ఫేసింగ్ సీట్లు, అంటే పిల్లలు కారు వెనక్కి చూస్తూ కూర్చునే సీట్లు, పట్టాలి. ఒకటి ఇంకా మూడేళ్లు నిండని పెద్దదానికి, ఇంకొకటి నెలల పాపకు. పెద్దదాన్ని ముందుకు తిప్పేస్తే ఇంత తిప్పలు ఉండవు కదా అని చాలామంది అన్నారు. నేను తిప్పదల్చుకోలేదు. ఆ వయసు పిల్లలకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెడ ఎముకలు పూర్తిగా గట్టిపడి ఉండవు. కారు ఎదురుగా దేన్నైనా గుద్దితే, ముందుకు చూస్తూ కూర్చున్న పిల్ల ఒంటిని బెల్టులు ఆపుతాయి కానీ తలను ఆపే భారమంతా మెడ మీదే పడుతుంది. వెనక్కి తిరిగి కూర్చుంటే ఆ తాకిడిని సీటు పెంకు, అంటే సీటు గట్టి వీపు భాగం, తీసుకుని వీపుకీ మెడకీ తలకీ కలిపి పంచుతుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. స్వీడన్‌లో ప్రొఫెసర్ బెర్టిల్ ఆల్డ్‌మన్ అమెరికా జెమినీ అంతరిక్ష నౌకల్లో వ్యోమగాములు వీపు ఆనించి కూర్చునే తీరు చూసి ఈ సీటు ఆలోచన చేశారు. 1964లో వోల్వో కారులో తొలి నమూనాను పరీక్షించారు. పిల్లల కారు సీట్ల మీద ఇప్పటి ఐక్యరాజ్యసమితి ఆర్ 129 నిబంధన 15 నెలలు దాటేదాకా వెనక్కే తిప్పి ఉంచాలంటుంది. అది కనీస హద్దు. సీటు మీద రాసిన ఎత్తు, బరువు దాటేదాకా అలాగే ఉంచడం మంచిదని నా గట్టి నమ్మకం.

కొలతలు

రెండు సీట్లంటే అందరూ ముందు వెడల్పు కొలుస్తారు. మాకు వెడల్పుతో ఇబ్బందే రాలేదు. కరువంతా పొడుగులోనే, అంటే వెనకసీటు వీపు నుంచి ముందు సీటు వీపు దాకా ఉన్న జాగాలో.

ఆ జాగా ఎంత కావాలన్నది సీటు ఎంత పెద్దదన్న దానికంటే ఎంత వాలి ఉందన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. కాగితం మీద లెక్క వేసి చూశాను. వీపు పెంకు పొడుగు 70 సెం.మీ. అనుకుందాం. 45 డిగ్రీలు వాలిస్తే అది ముందుకు దాదాపు 49 సెం.మీ. పోతుంది. అదే పెంకును నిలువు నుంచి 30 డిగ్రీలకు తెస్తే 35 సెం.మీ. చాలు. ఒక్క వాలు మార్చితే 14 సెం.మీ. తేడా! చిన్న కారులో అది మోకాళ్లు పట్టడానికీ పట్టకపోవడానికీ ఉన్న తేడా.

కాకపోతే ఆ వాలు మన ఇష్టం కాదు. పసిపాపను నిటారుగా కూర్చోబెడితే తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరి ఆడే దారి నొక్కుకుపోతుంది. అందుకే పుట్టిన బిడ్డలకు దాదాపు 45 డిగ్రీల వాలు కావాలి. మెడ నిలిపే వయసు వచ్చిన పిల్లకు నిటారుగా పెట్టొచ్చు, మాన్యువల్ ఒప్పుకున్నంత మేరకు. ఇక్కడే నాకు దారి దొరికింది. చూడ్డానికి పెద్దగా కనిపించే పెద్దదాని సీటే పొడుగులో తక్కువ జాగా తీసుకుంటుంది. చిన్నగా కనిపించే పాప క్యారియర్‌కే, అంటే నెలల పాప సీటుకే, ఎక్కువ కావాలి.

రెండు సీట్ల పక్క ఆకారాన్నీ అట్టపెట్టె మీద గీసి కోశాను. వాటిని వెనకసీట్లో నిలబెట్టి, ఫోన్‌లో లెవెల్ యాప్‌తో వాలు సరిచూసుకుని, ముందు సీటును మెల్లగా వెనక్కి జరిపాను. బరువైన సీట్లను పదేపదే ఎత్తి దించే పని తప్పింది. ఎవరైనా సీటు కొనకముందే ఈ పని చేసుకుంటే బాగుంటుంది.

ఏది ఎక్కడ

మా ఆయన పొడుగు, కారు ఎక్కువగా నడిపేది ఆయనే. అట్టలు తేల్చిన ప్రకారం పెద్దదాని సీటు డ్రైవర్ వెనక, పాప క్యారియర్ డ్రైవర్ పక్క సీటు వెనక. పక్క సీటును అవసరమైతే ముందుకు జరపొచ్చు, డ్రైవర్ సీటుకు ఆ వీలు తక్కువ.

వెనకసీటు మధ్య భాగాన్ని కూడా చూశాను. పక్క నుంచి వచ్చే దెబ్బకు అది దూరం కాబట్టి సీటు సరిగ్గా బిగిస్తే మంచి చోటే. మా కారులో అక్కడ మెత్త ఉబ్బెత్తుగా ఉంది, పిల్లల సీటును తగిలించే ఐసోఫిక్స్ కడ్డీలు లేవు. కదిలే సీటు మధ్యలో ఉండటం కంటే గట్టిగా నిలిచే సీటు పక్కన ఉండటమే మేలు.

ముందు సీట్లో క్యారియర్ పెట్టే ఆలోచన అసలు పెట్టుకోలేదు. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న సీట్లో రియర్ ఫేసింగ్ సీటు పెట్టకూడదు, ఎట్టి పరిస్థితిలోనూ. బ్యాగ్ విచ్చుకుంటే నేరుగా పెంకు వీపునే, పిల్ల తల ఉన్న చోటే కొడుతుంది.

పెద్దదాని సీటు, ఐసోఫిక్స్‌తో

ఐసోఫిక్స్ అంటే వెనకసీటు మెత్తల సందులో, 28 సెం.మీ. దూరంలో ఉండే రెండు ఇనుప కడ్డీలు. మా కారులో అవి మెత్తలోకి బాగా లోపలికి ఉన్నాయి. సీటుతో ఇచ్చిన ప్లాస్టిక్ గైడ్లు తగిలించాక కొక్కేలు తేలిగ్గా దిగాయి. రెండు వైపులా టక్కుమని వినబడాలి, గుర్తులు ఆకుపచ్చకు మారాలి. ఒక్కవైపే మారితే తీసి మళ్లీ పెట్టాల్సిందే.

తర్వాత సపోర్ట్ లెగ్, అంటే సీటు అడుగు భాగం (బేస్) నుంచి కారు నేలకు దిగే కాలు. కాలు నేలకు గట్టిగా ఆనాలి, కానీ బేస్‌ను పైకి ఎత్తకూడదు. మందపాటి మ్యాట్ తీసేశాను. కొన్ని కార్లలో వెనక కాళ్ల దగ్గర నేల కింద సామాన్ల గుంట ఉంటుంది. దాని మూత మీద కాలు ఆనించకూడదు, బరువు పడితే మూత విరిగి కాలు దిగిపోతుంది. మా కారులో ఆ గుంట లేదు. వేరే కారులో ఈ సీటు బిగించాల్సి వస్తే నేను ముందు చూసేది అదే.

పిల్ల బరువూ సీటు బరువూ కలిపి ఐసోఫిక్స్‌కు 33 కిలోల హద్దు ఉంటుంది. మా సీటు బరువైనదే కాబట్టి ఆ కూడిక పుస్తకంలో రాసి పెట్టుకున్నాను.

పాప క్యారియర్, బెల్టుతో

ఎక్కువ సమయం తిన్నది ఇదే. నడుము బెల్టు క్యారియర్ మీదుగా పోవాలి, భుజం బెల్టు పెంకు వెనక నుంచి చుట్టి రావాలి. దీనికి చాలా పొడుగు బెల్టు కావాలి, చిన్న కార్లలో కొన్నిసార్లు చాలదు. మాకు సరిపోయింది, పెద్దగా మిగల్లేదు. సీటు కొనేముందు బెల్టును పూర్తిగా లాగి చుట్టి చూడటం ఇందుకే అవసరం.

నాకు కుదిరిన క్రమం ఇది. ముందు సీటును పూర్తిగా ముందుకు తోసేసి చోటు చేసుకోవాలి. క్యారియర్ పెట్టి, కారు సమతలంగా ఉన్న నేల మీద ఉందని చూసుకుని, వాలు గుర్తు సరిచూడాలి. వాలు మీద నిలిపిన కారులో ఆ గుర్తుకు అర్థం లేదు. బెల్టు మెలిక పడకుండా గైడ్లలో వేసి, ఒక చేత్తో క్యారియర్‌ను మెత్తలోకి నొక్కి పట్టి, ఇంకో చేత్తో వదులంతా లాగేయాలి, ముందు నడుము భాగం, తర్వాత భుజం భాగం. అప్పుడు బకిల్ వైపు ఒకసారి చూడాలి. బకిల్ ప్లాస్టిక్ అంచు మీద అడ్డంగా వాలి ఉంటే బెల్టు బిగుతుగా నిలవదు, దెబ్బ తగిలినప్పుడు బకిల్ విరిగే ప్రమాదమూ ఉంది. అలా పడితే ఆ సీటుకు ఆ చోటు పనికిరాదు.

బిగుతు చూడాల్సింది బెల్టు పోయే చోట. అక్కడ పట్టుకుని మామూలు బలంతో ఊపితే 2.5 సెం.మీ. కంటే ఎక్కువ కదలకూడదు. తల వైపు పట్టుకుని ఊపితే కొంత ఊగుతుంది, అది చూసి టెన్షన్ పడనక్కర్లేదు.

ముందు సీట్లు

ఇప్పుడు ముందు సీట్లను వెనక్కి తేవాలి. డ్రైవర్ వీపు సీటుకు సరిగ్గా ఆని ఉండాలి, ఛాతీకీ స్టీరింగ్‌కీ మధ్య కనీసం 25 సెం.మీ. ఉండాలి, క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. పిల్లల సీటు కోసం డ్రైవర్ ముడుచుకుని కూర్చుంటే అందరికీ ప్రమాదమే.

మా ఆయనకు కొద్దిలో చాలలేదు. సీటు ఎత్తు పెంచాం, వీపును ఒకట్రెండు మెట్లు నిటారుగా చేశాం. సీటు ఎత్తైతే కాళ్లు ముందుకు చాచే బదులు కిందికి దిగుతాయి, దాంతో సీటు అంత వెనక్కి పోనక్కర్లేదు. ఇంకా కావాల్సింది పెద్దదాని సీటు వాలును మాన్యువల్ ఒప్పుకున్న అన్నిటికంటే నిటారు మెట్టుకు తెస్తే దొరికింది.

పిల్లల సీటు ముందు సీటుకు తగలొచ్చా అన్నదానికి ఒకే జవాబు లేదు. కొన్ని సీట్ల తయారీదారులు ఆనించమంటారు, కొందరు సందు ఉంచమంటారు. ముందు సీట్లో మనిషి బరువు చూసే సెన్సర్ ఉంటే కారు మాన్యువల్ మాట కూడా వినాలి. రెండిట్లో ఏది కఠినంగా చెబితే అదే పాటిస్తున్నాను. మా సీట్లకూ ముందు సీట్లకూ మధ్య వేలు దూరేంత సందు ఉంచాం.

పిల్లలతో

పెద్దదాని కాళ్లు వెనకసీటు వీపుకు తగులుతున్నాయి. బాసింపట్టు వేసుకుని హాయిగా కూర్చుంటోంది. కాళ్లు తగలడం సీటు చిన్నదైపోయిందనడానికి గుర్తు కాదు. తల చూడాలి, సీటు మీద రాసిన ఎత్తు హద్దు చూడాలి.

హార్నెస్, అంటే పిల్లను సీటుకు కట్టే పట్టీలు, భుజం దగ్గర, లేదా కొంచెం కింద నుంచి రావాలి. బిగించాక భుజం మీద పట్టీని వేళ్లతో గిల్లి పట్టుకుంటే మడత అందకూడదు. దళసరి స్వెటర్ మీద బిగిస్తే బిగుతంతా స్వెటర్‌దే, పిల్లది కాదు. పట్టీలు బిగించాక పైన దుప్పటి కప్పుతున్నాను.

వెనక్కి తిరిగిన పిల్ల ముఖం చూడటానికి తగిలించే అద్దం వద్దనుకున్నాను. గట్టిగా నిలవని ఏ వస్తువైనా దెబ్బ తగిలినప్పుడు ఎగురుతుంది. పైగా నడిపేవాళ్ల చూపు రోడ్డు మీద నుంచి మళ్లుతుంది. దూరం వెళ్లాలంటే నేను మధ్యమధ్య కారు ఆపించి పాపను బయటికి తీసి పడుకోబెడుతున్నాను, క్యారియర్‌లో గంటలకొద్దీ ఉంచడం లేదు.

ఇప్పటికి

రెండూ నిలిచాయి. కారు కడిగాక, క్యారియర్ తీసి పెట్టాక బెల్టు బిగుతు మళ్లీ చూస్తున్నాను. సపోర్ట్ లెగ్ గుర్తు రోజూ చూస్తున్నాను, ఎందుకంటే పెద్దది దిగేటప్పుడు దాన్నే మెట్టులా తొక్కుతోంది. డిక్కీలో స్ట్రోలర్ పట్టడం లేదు, దాని చక్రాలు తీసి పెట్టే వీలుందేమో చూడాలి.

పాప తల పెంకు పై అంచుకు 2.5 సెం.మీ. దూరంలోకి వచ్చేలోపే క్యారియర్ మార్చాలి. ఆ పాటికి మెడ నిలుస్తుంది కాబట్టి ఆ వైపు కూడా తక్కువ వాలున్న సీటు పెట్టొచ్చు, పక్క సీటును ఇంకొంచెం వెనక్కి తేవచ్చు. రెండు మోడళ్ల కొలతలు తీసుకుని వాటికీ అట్టలు కోశాను. వచ్చే ఆదివారం వాటిని కారులో పెట్టి చూడాలి.