చప్పగా ఉందంటే ఉప్పు తక్కువని కాదు

అమ్మకు 74 ఏళ్లు. ఏం వండినా చప్పగా ఉందని పైన ఉప్పు చల్లుకునేది. బీపీ ఉన్న మనిషి కదా, అసలు లోపం ఎక్కడుందో ముందు తేల్చుకోవాలనుకున్నాను.

చాలామందికి పోయేది నాలుక రుచి కాదు, వాసన. ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. మూడు గ్లాసుల్లో 100 మి.లీ. చొప్పున నీళ్లు పోసి చెంచా పంచదార, పావు చెంచా ఉప్పు, చెంచా నిమ్మరసం విడివిడిగా కలపాలి. నాలుగోది మెంతులు నానిన నీళ్లు. ఏది ఏదో చెప్పకుండా, ముక్కు మూసుకుని పుక్కిలించి ఉమ్మమనాలి. తర్వాత ముక్కు వదిలి, కళ్లు మూసుకుని జీలకర్ర, యాలకులు నమలమనాలి. అమ్మ ఉప్పు దగ్గర తడబడింది, జీలకర్రకీ యాలకులకీ తేడా చెప్పలేకపోయింది. అంటే రెండు వైపులా లోపమే.

కట్టుడు పళ్లు తీయించి టార్చి వేసి చూస్తే అంగిట్లో తెల్లటి పొర. ఆయాసానికి వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించకపోవడం, రాత్రుళ్లు కూడా పళ్లసెట్టు పెట్టుకునే పడుకోవడం దీనికి కారణాలని డాక్టరు చెప్పారు. అది ఫంగస్. క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ రాస్తే తగ్గింది, నెలలో మళ్లీ వచ్చింది. సెట్టుకు పట్టిన ఫంగస్‌ను మేం వదిలేశాం మరి! ఆ తర్వాత రోజూ బ్రష్‌తో తోమి, రాత్రి తీసి నీళ్లలో వేయడం మొదలుపెట్టాకే నిలిచింది.

మందుల చీటీలన్నీ ఒకేచోట చూపించండి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, ఎసిడిటీకి వాడే పాంటొప్రజోల్ ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బి12 తగ్గొచ్చు, అది తగ్గినా రుచి మందగించొచ్చు. అమ్మకు తగ్గింది, ఇంజెక్షన్లు ఇచ్చారు. మందులు సొంతంగా ఆపొద్దు. రుచి వస్తుందని జింకు మాత్రలు కూడా అడక్కుండా మింగొద్దు, ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే ఒంట్లో రాగి తగ్గుతుంది.

వాసనకు సాధన ఉంది: గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి. ఒక్కోదాన్నీ 20 సెకన్లు వాసన చూడాలి, ఉదయం, సాయంత్రం, కనీసం మూడు నెలలు. వయసుతో పోయినది పూర్తిగా రాకపోవచ్చు. అమ్మకు లవంగం, నిమ్మ తెలుస్తున్నాయి.

వంటలో ఉప్పు పెంచలేదు. మామిడికాయ, మిరియాలు, వెల్లుల్లి తాలింపు, వేయించిన నువ్వుల పొడి పెంచి వేడివేడిగా వడ్డిస్తున్నాం. సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేదాంట్లో తరచూ పొటాషియం ఉంటుంది. బీపీకి టెల్మిసార్టాన్ వాడేవాళ్లకు, కిడ్నీ జబ్బున్నవాళ్లకు అది ఒంట్లో పెరిగిపోవచ్చు కాబట్టి డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు.

వాసన తెలియని మనిషికి గ్యాస్ లీకూ తెలియదు, పాచిపోయిన కూరా తెలియదు. వంటింట్లో గ్యాస్ అలారం బిగించాం. ఎల్‌పీజీ గాలికన్నా బరువు కాబట్టి దాన్ని నేలకు దగ్గరగా పెట్టాం. ఫ్రిజ్‌లో గిన్నెల మీద తేదీ రాస్తున్నాం.