అవ్వ శ్రుతికి అందే యుకులేలే

అమెరికాలో పెరిగే మన పిల్లలు బళ్లో మొదట పట్టుకునే తీగ వాయిద్యం చాలాసార్లు యుకులేలేనే. నాలుగే తీగలు, చిన్న పెట్టె, వారం తిరిగేసరికి ఒక పాట వచ్చేస్తుంది. ఏడాది దాటినా రోజూ దాన్ని తీస్తున్నారంటే, సొంతంగా చేత్తో వాయిద్యాలు చేసే లూథియర్ దగ్గర ఒకటి చేయిద్దామన్న ఆలోచన ఇంట్లో మొదలవుతుంది. తప్పక చేయించండి. కానీ ఆర్డరుకు ముందే ఒకటి తేల్చుకోవాలి: దీని మీద బడి పాటలు పలికితే చాలా, వేసవిలో పాలమూరుకో నల్లగొండకో పోయినప్పుడు అవ్వ పాడే బతుకమ్మ పాట కూడా పలకాలా? రెండూ కావాలంటే ఆ మాట చెక్క కోయకముందే పనివాడికి చేరాలి.

సంగతి శ్రుతిలో ఉంది. యుకులేలే తీగలు జి, సి, ఇ, ఎ. మామూలుగా నాలుగో తీగ జి పై స్థాయిలో ఉంటుంది కాబట్టి మొత్తం వాయిద్యంలో అన్నిటికన్నా కింది స్వరం మూడో తీగ సి. మన ఆడవాళ్లు ఎక్కువగా 5 శ్రుతి దగ్గర పాడతారు, అంటే వాళ్ల షడ్జం (స) జి. ఆ షడ్జం ఈ వాయిద్యంలో అసలు లేదు. పిల్లలు పై స్థాయిలో వాయిస్తుంటే అవ్వ గొంతు కింద ఎక్కడో ఉంటుంది, ఇద్దరికీ కలిసినట్టనిపించదు. అందుకే నాలుగో తీగను కింది జికి, అంటే లో-జికి మార్చాలి. అప్పుడు ఆ తీగను ఊరికే మీటితే స, మూడో తీగ శుద్ధ మధ్యమం (మ), రెండోది చతుశ్రుతి ధైవతం (ద). బతుకమ్మ పాటలు చాలావరకు నాలుగైదు స్వరాల మధ్యనే తిరుగుతాయి. కింది రెండు తీగల మీదే వరుస దొరికిపోతుంది, 'ఉయ్యాలో' దగ్గర తీగలన్నీ కలిపి మీటుకోవచ్చు.

లో-జి తీగ లావు. నట్‌లో (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీలో) సన్న తీగకు కోసిన గాడిలో అది కూర్చోదు, పైకి తేలి మొదటి మెట్టు (ఫ్రెట్) దగ్గర శ్రుతి పెరుగుతుంది. గాడి వెడల్పు చేశాక మళ్లీ సన్న తీగ వేస్తే అది ఊగి గరగరమంటుంది. తీగల రెండో కొస బిగించే బ్రిడ్జిలోని సాడిల్ పట్టీ మీద తీగ ఆనే చోటు కూడా లో-జికి కొద్దిగా వెనక్కి జరగాలి. పెద్దవాళ్ల గొంతు 4 శ్రుతికి దిగి ఉంటే నాలుగు తీగలనూ రెండేసి అరస్వరాలు దించాలి. బిగువు తగ్గిన తీగ మెట్లకు తగలకుండా, 12వ మెట్టు దగ్గర తీగ ఎత్తు 2.5 మిల్లీమీటర్లకు తగ్గనివ్వవద్దని ముందే చెప్పండి.

సైజు విషయానికొస్తే, సొప్రానో తీగ పొడవు సుమారు 13 అంగుళాలు, కాన్సర్ట్ 15, టెనర్ 17. తీగలు దించడానికి టెనర్ మేలు, తొమ్మిదేళ్ల చేతికి కాన్సర్ట్ మేలు. ప్రయాణం లెక్క వేరు. సొప్రానో సుమారు 53 సెంటీమీటర్లు, చాలా విమానాల్లో చేతి సామానుకు ఇచ్చే 55లో పడుతుంది. కాన్సర్ట్ 60 దాకా ఉంటుంది, పెట్టెతో ఇంకా ఎక్కువ. పైన అరలో చోటుంటే చిన్న వాయిద్యాలను అమెరికా విమాన సంస్థలు లోపలికి అనుమతించాలని 2015 మార్చి నుంచి నిబంధన ఉంది, గల్ఫ్ మీదుగా పోయే వేరే దేశాల సంస్థలను అది కట్టడి చేయదు. టికెట్టు కొనేటప్పుడే రాతపూర్వకంగా అడగండి. ఇన్ని చూసుకున్నాక, తొమ్మిది దాటిన పిల్లలకు మా ఓటు కాన్సర్ట్‌కే.

మెట్లు దిగ్గొట్టే పలకకు మన జిట్టేగి (ఇండియన్ రోజ్‌వుడ్) చెక్క వాడితే సరిహద్దు దగ్గర భయం లేదు. 2017 నుంచి దాని మీద అంతర్జాతీయ కట్టుబాటు ఉన్నా, తయారైన వాయిద్యాలకు 2019 నవంబరు 26 నుంచి మినహాయింపు ఉంది. బ్రెజిల్ రోజ్‌వుడ్ మాత్రం వద్దనండి, దాన్ని సరిహద్దు దాటించడం పెద్ద తలనొప్పి. తీగలు బిగించడానికి వీణ బిరడల్లాంటివి కాకుండా గేరున్న కీలు పెట్టమనండి, చిన్న వేళ్లకు శ్రుతి నిలుస్తుంది.

చెక్క మీద పూసే మెరుగు గురించి ఎవరూ చెప్పరు. షెల్లాక్ (లక్క) మెరుగు చూడ్డానికి బాగుంటుంది, కానీ మే నెల చెమటకు జిగటవుతుంది, శానిటైజర్ పడితే తెల్లమచ్చ పడుతుంది. దోమలకు రాసుకునే కొన్ని క్రీముల్లో డీట్ అనే రసాయనం ఉంటుంది, అది మెరుగును కరిగించి వేలిముద్ర దిగిపోయేలా చేస్తుంది. ఊరికి తీసుకెళ్లే వాయిద్యానికి పాలీయురెథేన్ మెరుగే అడగండి, అప్పుడు కూడా చేతులు కడుక్కునే ముట్టుకోవాలి.

వాయిద్యం తలకాయ (కీలుండే పైభాగం) మీద పిల్లల పేరు తెలుగులో కావాలంటే టైపు చేసి పంపొద్దు. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో తెలుగు వత్తులు విడిపోయి పక్కన పడొచ్చు, గుడులు అక్షరం వదిలిపోవచ్చు. అవ్వ చేత తెల్లకాగితం మీద పెద్దగా రాయించి, గీతలు మాత్రమే ఉన్న చిత్రంగా మార్చి పంపండి. ముత్యపుచిప్పతో పొదిగితే సన్నటి తలకట్టు విరుగుతుంది, కాబట్టి గీత కనీసం ఒక మిల్లీమీటరు మందం ఉండాలి.

నల్లగొండ ఎండకు చెక్క పగులుతుందని అందరూ భయపడతారు. నిజానికి ఎక్కువ చెరుపు చలికాలంలో మన హీటరుదే, ఇంట్లో తేమ 20 శాతానికి పడిపోతుంది. చెక్క కుంచించుకుపోతే నెక్ అంచున వేలు నడిపినప్పుడు మెట్ల కొసలు గుచ్చుకుంటాయి, అదే మొదటి గుర్తు. పెట్టెలో తేమ కొలిచే చిన్న మీటరు పెట్టి 45 నుంచి 55 మధ్య ఉంచండి. ఊళ్లో అసలు ప్రమాదం ఎండలో నిలిపిన కారు. శంషాబాద్‌లో దిగి డిక్కీలో పెట్టి దారిలో భోజనానికి ఆగితే లోపల 60 డిగ్రీలు దాటొచ్చు, జిగురు మెత్తబడి బ్రిడ్జి లేస్తుంది. బ్రిడ్జి వెనక అంచు కింద కాగితం దూరుతోందంటే తీగలు వెంటనే వదులు చేయండి. అక్కడి వడ్రంగి తెల్ల జిగురుతో అతికిస్తానంటే ఒప్పుకోవద్దు, తీగల లాగుడుకు అది మెల్లగా జారుతుంది, చేసినవాడికి తర్వాత శుభ్రం చేయడం కష్టం.

ఇదే వేడికి మన పాలమూరు తీగ వాయిద్యం కిన్నెర కూడా ఓర్వదని పిల్లలకు చూపించండి. దాని మెట్లను అంటించేది తేనెమైనం, 62 డిగ్రీల దగ్గర కరిగేది. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలానికి చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఆ 12 మెట్ల కిన్నెరకే. వెదురు దండ, ఎండిన సొరకాయ బుర్రలు. వీడియో పెట్టి, తమ యుకులేలేలో 12వ మెట్టు ఎక్కడుందో వెతకమనండి. వాయిద్యం ఒక మనిషి చేతిలోంచి వస్తుందన్నది అమెరికా లూథియర్‌కూ పాలమూరుకూ ఒకటేనని వాళ్లంతట వాళ్లే అంటారు.

ఊరు చేరిన రోజు పెట్టె తెరవకుండా నాలుగైదు గంటలు నీడలో ఉంచండి. తర్వాత అవ్వను మొదటి చరణం తనకు తోచిన శ్రుతిలో పాడమనండి, పిల్లలు ఆ షడ్జం ఏ తీగ మీద ఎన్నో మెట్టు దగ్గరుందో వెతకాలి. 5 శ్రుతి కన్నా ఎన్ని అరస్వరాలు పైనుంటే అన్నో మెట్టు దగ్గర కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) వేసుకోవాలి, కిందుంటే తీగలు దించుకోవాలి. దొరికిన అంకెను చిన్న కాగితం మీద రాసి పెట్టె మూత లోపల అంటించండి.