20 టీబీ హార్డ్ డిస్క్: అసలు ఖర్చు ఎంత?

హనుమకొండలో పెళ్లి ఫొటోలు, వీడియోలు తీసే కొన్ని స్టూడియోల కంప్యూటర్లు నేను చూసుకుంటాను కాబట్టి, మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయంటే నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "అన్నా, 4 టీబీవి ఐదు కొనుడు మంచిదా, 20 టీబీది ఒక్కటే కొనుడు మంచిదా?" పెద్ద డిస్క్ కొంటే ఒక్కో టీబీ (టెరాబైట్, అంటే వెయ్యి జీబీ) చౌకగా పడుతుందని దుకాణంలో చెప్తారు. అది అబద్ధం కాదు. కాకపోతే ఆ లెక్కలో చేరవలసినవి ఇంకా చాలా ఉన్నాయి.

ముందు అవసరం సంగతి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కే వీడియో తీసే కెమెరా గంటకు 45 జీబీ నింపుతుంది. హల్దీ, సంగీత్ మొదలుకొని అప్పగింతల దాకా మూడు కెమెరాలు, ఒక డ్రోన్ పనిచేస్తే ఒక్క పెళ్లికే అర టీబీ దాటిపోవడం మామూలే. కాబట్టి ఈ స్టూడియోలకు 20 టీబీ అన్నది గొప్పకోసం కొనేది కాదు, నిజంగా నిండిపోయేది.

పెద్ద డిస్క్ త్వరగా పాడవుతుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. దీనికి లెక్కలు చూపగల సంస్థ బ్యాక్‌బ్లేజ్. అమెరికాకు చెందిన ఈ బ్యాకప్ సంస్థ తన దగ్గర నడిచే 3 లక్షలకు పైగా డిస్కులలో ఎన్ని చెడిపోతున్నాయో మోడల్ వారీగా ప్రకటిస్తూ వస్తోంది. మొత్తం మీద వార్షిక వైఫల్యం 2023లో 1.70 శాతం, 2024లో 1.57 శాతం. అంటే నూరు డిస్కులు నడిపితే ఏడాదికి ఒకటో రెండో పోతాయి. ఆ జాబితాలో ఒక మోడల్‌కూ మరో మోడల్‌కూ ఉన్న తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది గాని, టీబీలు పెరిగిన కొద్దీ వైఫల్యం పెరుగుతుందన్న క్రమం కనిపించదు. తయారీదారుల మాట వేరు. పెద్ద డిస్కుల వివరపత్రంలో చెడిపోవడానికి పట్టే సగటు కాలం (ఎంటీబీఎఫ్) 25 లక్షల గంటలు అని ఒక సంఖ్య ఉంటుంది. దాన్ని సంవత్సరాల్లోకి మారిస్తే 285 ఏళ్లు అవుతుంది కాబట్టి చదివినవారు మురిసిపోతారు. దాని అర్థం ఒక డిస్క్ అన్నేళ్లు నడుస్తుందని కాదు, ఏడాదికి 0.35 శాతం డిస్కులు పోతాయని వారి అంచనా. వాస్తవంలో పోయేవి అంతకంటే కొన్ని రెట్లు ఎక్కువ.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఏడాదికి 1.5 శాతం అనుకుంటే, ఒక్క 20 టీబీ డిస్క్ పోయే అవకాశం 1.5 శాతమే, ఐదు 4 టీబీ డిస్కులలో కనీసం ఒకటి పోయే అవకాశం 7 శాతం పైన ఉంటుంది. కానీ మొదటిది పోతే 20 టీబీ పోతుంది, రెండోదాంట్లో పోయేది 4 టీబీ. రెండింటిలోనూ సగటు నష్టం ఏడాదికి 0.3 టీబీయే. లెక్క సమంగానే తేలింది గాని, స్టూడియో నడిపేవారు సగటు మీద బతకరు. నలభై కుటుంబాల పెళ్లిళ్లు ఒకే రోజు పోయాయని చెప్పుకోవలసి రావడం, ఏడెనిమిది కుటుంబాలకు చెప్పుకోవలసి రావడం ఒకటి కావు. అందువల్ల నేను చెప్పేది ఇది: పెద్ద డిస్క్ కొనండి, కానీ దాని ధరను ఎప్పుడూ రెండుతో గుణించి చూడండి. రెండో ప్రతి లేని 20 టీబీ చౌక బేరం కాదు.

రెండో ప్రతి ఉన్నా తిరిగి నింపుకోవడానికి పట్టే సమయం మరో ఖర్చు. 24 టీబీ డిస్క్ లోపల తిరిగే పళ్లెం బయటి అంచున సెకనుకు 285 ఎంబీ వరకు ఇస్తుంది, లోపలికి వెళ్లేకొద్దీ అది సగానికి దగ్గరగా పడిపోతుంది. కాబట్టి ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్కసారి చదవడానికే 30 గంటలు దాటుతుంది. అదే పని గిగాబిట్ నెట్‌వర్క్ మీదుగా చేస్తే రెండున్నర రోజులు. సామర్థ్యం ఏటా పెరుగుతోంది గాని వేగం ఆ స్థాయిలో పెరగలేదు, పెద్ద డిస్కులలో అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. ఇంటి వాడకానికి అమ్మే డిస్కుల వివరపత్రంలో 10^14 బిట్లు చదివితే చదవలేని లోపం ఒకటి రావచ్చని ఉంటుంది, అది 12.5 టీబీతో సమానం. సంస్థల కోసం చేసే డిస్కులలో ఈ హద్దు పది రెట్లు ఎక్కువ. ఆచరణలో డిస్కులు ఈ హద్దుకన్నా మెరుగ్గానే నడుస్తాయి, అయినా మూడు నాలుగు పెద్ద డిస్కులను రెయిడ్ 5లో (ఒక డిస్క్ పోయినా ఫైళ్లు నిలిచేలా డిస్కులను కలిపే పద్ధతిలో) కట్టి, ఒకటి పోయాక మిగిలినవన్నీ గంటల తరబడి తప్పు లేకుండా చదవాలని ఆశించడం నాకు నచ్చదు. రెండు డిస్కులు పోయినా నిలిచే రెయిడ్ 6 కొంత నయం. పొరపాటున తుడిచేసిన ఫోల్డరును మాత్రం ఏ రెయిడూ తిరిగి ఇవ్వదు.

డిస్క్ చేతికి వచ్చినప్పుడు దాని పైభాగం ఒకసారి పరీక్షగా చూడండి. పాత 2 టీబీ, 4 టీబీ డిస్కుల మీద గాలి ఆడటానికి చిన్న రంధ్రం, దాని పక్కన మూయవద్దన్న హెచ్చరిక ఉంటాయి. 20 టీబీ దాని మీద ఆ రంధ్రం ఉండదు, మూత లేజర్‌తో అతికి ఉంటుంది. లోపల ఉన్నది హీలియం. గాలిలో ఏడో వంతు సాంద్రతే ఉండే వాయువు కాబట్టి నిమిషానికి 7200 సార్లు తిరిగే పళ్లేలకు ఒరిపిడి తగ్గుతుంది, పళ్లేలను పలుచగా చేసి పది, పదకొండు దాకా పేర్చవచ్చు. 2013లో డిస్కుల తయారీ సంస్థ హెచ్‌జీఎస్‌టీ 6 టీబీ డిస్కుతో ఈ పద్ధతి మార్కెట్లోకి వచ్చింది. హీలియం కారిపోతుందేమోనని అప్పట్లో చాలామంది భయపడ్డారు. పదేళ్లు దాటిన అనుభవం ఆ భయాన్ని నిలబెట్టలేదు. కానీ దాన్ని తెరిస్తే హీలియం పోతుంది కనుక, పాడైన డిస్క్ నుంచి ఫైళ్లు బయటికి తీయడం మన ఊరి రిపేరు బల్ల మీద అయ్యే పని కాదు. ఐదేళ్ల వారంటీ ఉంటే కొత్త డిస్క్ ఇస్తారు, లోపలి పెళ్లిళ్లు ఇవ్వరు.

లేజర్‌తో పళ్లెంపై అతి చిన్న చోటును నానోసెకను పాటు వేడిచేసి రాసే హామర్ పద్ధతితో సీగేట్ అనే డిస్కుల తయారీ సంస్థ 2024 జనవరిలో 30 టీబీని, ఏడాది తర్వాత 36 టీబీని ప్రకటించింది. ఇంజినీరింగ్ పరంగా ముచ్చటైన పని. అయితే ఆ డిస్కులకు ఐదేళ్ల వారంటీ కాలమైనా నిండాక చూద్దామన్నది నా అభిప్రాయం.

కొనే చోట జాగ్రత్త అవసరం. మన దగ్గరి దుకాణాల్లో పెద్ద సైజులు అరుదు కాబట్టి చాలామంది సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్తారు లేదా ఆన్‌లైన్‌లో తెప్పిస్తారు. ధర మరీ తక్కువగా ఉంటే అది డేటా సెంటర్లో వాడి తీసేసిన డిస్క్ అయి ఉండవచ్చు. 2025 ఆరంభంలో జర్మనీలో కొత్తవని అమ్మిన సీగేట్ డిస్కులు వేల గంటలు నడిచినవని బయటపడింది. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే మామూలు స్మార్ట్ లెక్కలో గంటలను సున్నా చేశారు గాని, ఫార్మ్ అనే లోపలి లాగ్‌లో అసలు గంటలు అలాగే ఉన్నాయి. స్మార్ట్‌మోన్‌టూల్స్ అనే ఉచిత ప్రోగ్రాం కొత్త వెర్షన్లు ఆ లాగ్‌ను చదవగలవు. జీఎస్టీ బిల్లు తీసుకుని, సీరియల్ నంబరుతో తయారీదారు వెబ్‌సైటులో మన దేశపు వారంటీ ఉందో లేదో ఇంటికి రాకముందే చూసుకోవచ్చు.

నడిచే డిస్కులలో, చదవడంలో లోపాలను, చెడిన చోట్లను లెక్కపెట్టే స్మార్ట్ లెక్కలోని 5, 187, 197, 198 నంబర్ల విలువలు సున్నా దాటాయంటే నేను మార్చేయమంటాను. అవి సున్నాలో ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. 2007లో గూగుల్ తన లక్షకు పైగా డిస్కులను పరిశీలించినప్పుడు, చెడిపోయిన వాటిలో 36 శాతానికి పైగా ముందుగా ఏ హెచ్చరికా ఇవ్వలేదు. వేడి గురించి కూడా మనవాళ్లు అనుకున్నంత సంబంధం అందులో కనిపించలేదు, కానీ అది డేటా సెంటర్ వేడి. ఫ్యాను లేని డబ్బాలో పెట్టి, మే నెలలో ఏసీ లేని వరంగల్ గదిలో నడిపే డిస్క్ సంగతి వేరు. కరెంటు పోయి వచ్చే చోట యూపీఎస్ ధరను కూడా డిస్క్ ఖర్చులోనే కలపాలి.

అన్నీ కలిపితే, 20 టీబీ నిల్వకు రెండు డిస్కులు, ఫ్యాను ఉన్న పెట్టె, యూపీఎస్, ఐదేళ్ల తర్వాత మళ్లీ రెండు డిస్కులు. ఈ మొత్తాన్ని పెళ్లిళ్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కో పెళ్లికి పడేది ఆల్బమ్ అట్ట ఖర్చుకంటే పెద్దదేమీ కాదు, కానీ ఏటా అది పేరుకుపోతూనే ఉంటుంది. అందుకే కొందరు ఇప్పుడు అడ్వాన్సు రసీదు మీదే, ఆల్బమ్, వీడియో అప్పగించిన ఏడాది వరకే అసలు ఫైళ్లు ఉంచుతామని, ఆ తర్వాత కావాలంటే డిస్క్ తెచ్చుకుని కాపీ చేయించుకోవాలని రాస్తున్నారు. పెళ్లివారికి మొదట్లో అది కటువుగా అనిపిస్తోంది. చాలామంది మాత్రం డిస్క్ తెచ్చుకుంటున్నారు.